గుర్తింపు కార్డు చెప్పని సంగతి

‘కాక్‌పిట్’ అనే మాటను తెలుగు చేయవలసి వచ్చినప్పుడల్లా కలం ఒక్క క్షణం ఆగుతుంది. ఆంగ్లంలో ఆ మాటకు తొలి అర్థం కోడిపందేల బరి. ఓడల మీదుగా సాగివచ్చి అది చివరకు విమానమెక్కింది. కోడిపందేల బరి చుట్టూ ఎవరైనా మూగవచ్చును. విమానంలోని ఈ బరిలోకి మాత్రం అందరికీ ప్రవేశం లేదు. నేను దానిని ‘చోదకుల గది’ అని వ్రాసి ముందుకు సాగుతాను. కాని ఆ గదిలో అడుగుపెట్టే అర్హత ఎవరిదో నిర్ధారించడం అంత సులువైన పని కాదు.

2019 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయంలో ఒక వ్యక్తి పట్టుబడ్డాడు. ఒంటిమీద విదేశీ విమానసంస్థ కెప్టెన్ దుస్తులు, చేతిలో నకిలీ కార్డు. సోదా వద్ద సులువుగా బయటపడవచ్చుననీ, మర్యాదలు దక్కుతాయనీ అతని ఆశ అని పత్రికలు వ్రాశాయి. దొంగ కార్డును పట్టుకోవడం ఎంతో కొంత సాధ్యమే. మరి కార్డు అసలుదే అయితే?

1987 డిసెంబరు 7న పసిఫిక్ సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ విమానమొకటి లాస్ ఏంజెలెస్ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరింది. ఆ సంస్థను కొన్న యు.ఎస్. ఎయిర్ కంపెనీ అంతకు ముందే పనిలోనుండి తొలగించిన ఉద్యోగి ఒకడు అందులో ఉన్నాడు. ఉద్యోగం పోయింది గాని కార్డును ఎవరూ తిరిగి తీసుకోలేదు. అదే అతనిని సోదా లేకుండా, రివాల్వరుతో సహా, విమానమెక్కించింది. తనను తొలగించిన అధికారిని కాల్చి, చోదకుల గదిలోకి చొరబడ్డాడు. విమానంలోని 43 మందిలో ఒక్కరూ మిగలలేదు. సిబ్బందిని కూడా ప్రయాణికుల వలెనే సోదా చేయాలనీ, పని మానినవారి కార్డులు వెనక్కు తీసుకోవాలనీ అమెరికాలో నిబంధనలు వచ్చింది ఆ తరువాతనే.

2001 సెప్టెంబరు 11 దాడుల అనంతరం ఆ గదులకు తూటాలను తట్టుకొనే తలుపులు అమర్చారు. బయటనుండి అంకెలు నొక్కి తెరిచే ఏర్పాటును సైతం లోపలివారు ఒక మీటతో అడ్డగించవచ్చును. ముప్పు ఎల్లప్పుడూ వెలుపలి నుండే వస్తుందన్నది ఆ తలుపు వెనుకనున్న ఆలోచన.

2015 మార్చి 24న ఆ ఆలోచన తలక్రిందులైంది. బార్సిలోనా నుండి డ్యూసెల్‌డార్ఫ్‌కు పోతున్న జర్మన్‌వింగ్స్ విమానంలో కెప్టెన్ కొద్దిసేపు బయటకు వెళ్ళాడు. సహచోదకుడు లోపల గడియ బిగించి విమానాన్ని ఆల్ప్స్ పర్వతాల మీదికి దించాడు. కెప్టెన్ తలుపు తట్టాడు, బాదాడు. అది తెరుచుకోలేదు. 150 మంది మరణించారు. ఆ సహచోదకుని కార్డు అసలుదే, ఉద్యోగమూ ఉన్నది. అయితే అతడు పని చేయగల స్థితిలో లేడని వైద్యుడు వ్రాసియిచ్చిన కాగితాన్ని మాత్రం యాజమాన్యానికి చూపలేదు.

ఒక మనిషిని నిన్న నమ్మామని మాత్రమే కార్డు సాక్ష్యం చెబుతుంది. ఈనాటి సంగతి దానికి తెలియదు. మన దేశంలో విమానం నడపబోయే చోదకులు ముందుగా శ్వాసపరీక్షకు నిలవడంలోని ఔచిత్యం ఇదే. మద్యాన్ని శ్వాస పట్టియిస్తుంది. మనోవ్యధను పట్టియిచ్చే యంత్రం లేదు. దానిని ఆ మనిషే చెప్పాలి. చెబితే జీవనోపాధి పోతుందన్న భయమున్నంత కాలం ఎవరు నోరు విప్పుతారు? చోదకులు తమ ఇబ్బందులను చెప్పుకొనే సహాయక వ్యవస్థ ప్రతి విమానసంస్థకూ ఉండాలని ఐరోపా యూనియన్ 2018లో నిబంధన చేసింది. తలుపులకు ఉక్కు తొడిగిన పదిహేనేండ్లకు గాని ఈ ఆలోచన చట్టానికి ఎక్కలేదు.

ఈసారి విమానాశ్రయంలో మీకు ముందు ఒక కెప్టెన్ బూట్లు విప్పి సోదాకు నిలబడితే విసుగుకోకండి. ఆయన కార్డు చూచినవారు, ‘ఈ రోజు ఒంట్లో ఎట్లా ఉన్నది?’ అని కూడా అడిగి ఉంటే బాగుండునని మనసులో కోరుకోండి.