వేళ్లను వెంట తీసుకొనిపోయే కళ

కళ ఎవరి సొత్తు? అది పుట్టిన నేలదా, దానిని సాధన చేసిన చేతిదా? 1969లో లాహోర్‌లో జన్మించి, 1993 నుండి అమెరికాలో కృషి చేస్తున్న షాజియా సికందర్ కళాజీవితమంతా ఈ ప్రశ్న చుట్టూ పరిభ్రమిస్తున్నది.

1980ల చివరలో లాహోర్ నేషనల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్‌లో సూక్ష్మచిత్రకళను అభ్యసించేవారు బహు కొద్దిమంది. విదేశీ యాత్రికులకు అమ్మే అంగడిసరుకుగా దానిని పలువురు చిన్నచూపు చూసేవారు. సికందర్ దానినే ఎన్నుకున్నారు. గురువు బషీర్ అహ్మద్ వద్ద, పొరలు పొరలుగా అతికించిన వస్లీ కాగితంపై సన్నని కుంచెతో గీతలు దిద్దడం నేర్చుకున్నారు. 1989-90లలో ఆమె చిత్రించిన ‘ది స్క్రోల్’ పొడవు సుమారు ఐదడుగులు. అందులో రాజదర్బారు లేదు, వేట లేదు. శ్వేతవస్త్రధారిణి అయిన ఒక యువతి ఆధునిక గృహంలో గది నుండి గదికి ఛాయవలె సాగిపోయి, చివరకు చిత్రఫలకం ఎదుట నిలిచి తానే బొమ్మ వేస్తూ కనిపిస్తుంది.

తన కళను గురించి చెప్పేటప్పుడు సికందర్ తరచుగా ఒక చారిత్రక సత్యాన్ని గుర్తుచేస్తారు. నేడు మనం విడివిడిగా చూసే అనేక సూక్ష్మచిత్రాలు ఒకప్పుడు గ్రంథాలలోని పుటలు. వలసపాలన కాలంలో ఎన్నో గ్రంథాలు విడదీయబడి, పుట పుటగా పాశ్చాత్య సేకరణలకు చేరాయి. వారసత్వమే ఇలా చెల్లాచెదరైనప్పుడు, చెక్కుచెదరని స్వచ్ఛమైన సంప్రదాయమంటూ ఎక్కడ ఉన్నది? అందుకే ఆమె దానిని కాపలా కాయవలసిన నిధిగా గాక, మాట్లాడవలసిన భాషగా స్వీకరించారు.

ఆ భాష మాధ్యమం వెంట మాధ్యమం దాటింది. 2003లో నిర్మించిన ‘స్పిన్’ అనే యానిమేషన్ చిత్రంలో మొగలు దర్బారు మందిరాన్ని గోపికలు నింపివేస్తారు. వారి కేశపాశాలు దేహాల నుండి విడివడి పక్షులగుంపువలె ఎగురుతాయి. హోర్ముజ్ జలసంధినీ చమురు వాణిజ్యాన్నీ తలపించే ‘ప్యారలాక్స్’ 2013లో షార్జాలో విశాలమైన తెరపై ప్రదర్శితమైంది. అరచేతిలో ఇమిడే చిత్రం గోడంత పెరిగినా, దానికి మూలం కాగితంపై చేతితో గీసిన గీతయే. తరువాత ఆమె గాజుముక్కల మొజాయిక్‌లోనికీ, కంచు శిల్పంలోనికీ ప్రవేశించారు.

2023లో న్యూయార్క్‌లో ఒక న్యాయస్థానం పైకప్పు మీద, మనువు, మోషే వంటి పురుష ధర్మకర్తల విగ్రహాల సరసన ఆమె మలచిన స్త్రీమూర్తి కొంతకాలం నిలిచింది. ఆ సమీపంలోని ఉద్యానవనంలో నెలకొల్పిన 18 అడుగుల ‘విట్‌నెస్’ దానికి తోబుట్టువు. ఈ మూర్తి జడలు పొట్టేలి కొమ్ములవలె చుట్టుకొని ఉంటాయి. కాళ్లూ చేతులూ చెట్టువేళ్లవలె అల్లుకొని ఉంటాయి. కాని ఆ వేళ్లు భూమిలో దిగవు. తన వేళ్లను తానే మోసుకొనిపోగల స్త్రీ ఈమె అని శిల్పి భావన. వలసవచ్చినవారి జీవితానికి ఇంతకన్న తగిన ప్రతిమ అరుదు.

2024లో ఈ శిల్పం హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి చేరింది. ఆ కొమ్ములలో కొందరికి సైతాను కనిపించాడు, నిరసనలు రేగాయి. జులై 8వ తేదీన, బెరిల్ తుఫాను నగరాన్ని అతలాకుతలం చేస్తున్న వేళ, ఎవరో విగ్రహం తల నరికివేశారు.

మరమ్మతు చేసి మునుపటివలె నిలపడం అసాధ్యమేమీ కాదు. సికందర్ అందుకు అంగీకరించలేదు. తల అతికిస్తే జరిగిన ద్వేషం మరుగునపడుతుంది. ఖండితమూర్తి నిలిచి ఉంటే చూపరి దానిని గమనించక తప్పదు. విడదీసిన గ్రంథాల చరిత్రను చదివిన కళాకారిణికి ఈ నిర్ణయం కొత్తది కాదు. తెగిన చోటును దాచిపెట్టకుండా చూపడమే ఆమె మొదటినుండీ చేస్తున్న పని. ‘సాక్షి’ అని పేరు పెట్టిన శిల్పం, శిరస్సు లేకుండానే సాక్ష్యం చెప్పింది.