వెనకవైపు చూపని పుస్తకాలు

పేరున్న ఒక ఫ్యాషన్ డిజైనర్ పని గురించి వచ్చిన పుస్తకాన్ని సంచిలో వేసుకుని కిందటేడాది తెనాలి, బాపట్ల, రేపల్లె తిరిగాను. బరువైన ఇంగ్లీషు పుస్తకం. నున్నటి కాగితం, పేజీకొక ఫోటో. ఇళ్లల్లో కూర్చుని కుట్టుపని, మగ్గం వర్క్ చేసే స్త్రీల గురించి నేను చేస్తున్న పరిశోధనలో భాగంగా, ఆ స్త్రీలకే దాన్ని చూపించాలనిపించింది.

రేపల్లెలో ఒకామె లెహంగా ఫోటో దగ్గర చాలాసేపు ఆగింది. పేజీ తిప్పింది. మళ్లీ వెనక్కి వచ్చింది. "వెనకవైపు బొమ్మ వెయ్యలేదేం మేడం? తిరగేస్తేనే గదా ముడులెలా వేశారో, ఎన్ని చేతులు పడ్డాయో తెలిసేది" అంది. ఆరీ సూదితో పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి. పుస్తకంలోని వ్యాసాలన్నీ చదివిన నాకు ఈ ప్రశ్న తట్టలేదు. ఆ వ్యాసాల నిండా 'ప్రేరణ', 'దృష్టి', 'వారసత్వం' అనే మాటలే. ఎన్ని రోజుల పని, ఏం కూలి, ఎవరి కళ్లు పాడయ్యాయి అన్నది ఎక్కడా లేదు. పని చేసినవారిని కలిపి 'మా కళాకారులు' అన్నారు, అంతే.

ఇలాంటి పుస్తకాలు వద్దని నేననడం లేదు. భానూ అథయ్య 1956లో 'సి.ఐ.డి.' సినిమాకు దుస్తుల పని చేసి, 'గాంధీ' చిత్రానికి 1983లో జాన్ మొల్లోతో కలిసి ఆస్కార్ అందుకున్నారు. ఆ బహుమతి పొందిన తొలి భారతీయురాలు. తన పనిని తానే 2010లో 'ది ఆర్ట్ ఆఫ్ కాస్ట్యూమ్ డిజైన్' అనే పుస్తకంగా తెచ్చారు. ఆమె రాసి ఉండకపోతే ఆ శ్రమ తారల ఫోటోల్లో కలిసిపోయేది. ఒక స్త్రీ తన పనికి తన పేరు పెట్టుకోవడం చిన్న విషయం కాదు. కానీ డిజైనర్ స్త్రీ అయితే చాలు, స్త్రీవాదులుగా మనం సంతోషించేసి తర్వాతి ప్రశ్న మరిచిపోతున్నామేమో!

మన చిర్రావూరు ఆడపడుచు సావిత్రి మీద 2018లో వచ్చిన 'మహానటి'కి దుస్తుల రూపకల్పనలో జాతీయ అవార్డు వచ్చింది. ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావు ముగ్గురూ పంచుకున్నారు. సంతోషమే. ఆ చీరలకు కండెలు చుట్టినవాళ్లెవరని అడిగిన వార్త నా కంటపడలేదు.

బాపట్లలో, చీరాల వైపు నేత కుటుంబంలో పుట్టిన పెద్దావిడకు ఈ సంగతి చెబితే నవ్వింది. "కండెలు చుట్టడం పనేంటమ్మా, ఇంటి చాకిరీ గదా" అంది. చిన్నప్పటి నుంచీ అదే చేసింది. 2019-20 చేనేత గణనలో దేశంలోని 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్లో నూటికి 72 మంది స్త్రీలే. నేతకు ముందు చేసే పనుల వారినీ అందులో లెక్కించారు. అంటే ప్రభుత్వానికి తెలుసు. అయినా మన రాష్ట్రంలో 2019లో నేతన్న నేస్తం పెట్టినప్పుడు ఏడాదికి ఇచ్చిన 24,000 రూపాయలు సొంత మగ్గం ఉన్న కుటుంబానికి! రాట్నానికి లెక్క లేదు. మగ్గం ఎవరిదంటే నేను వెళ్లిన ఇళ్లల్లో చెప్పింది మగవాడి పేరే. పేరు పుస్తకంలో లేకపోతే పోయిందేముంది అనేవాళ్లకు ఇది చెప్పాలి. పనిమనిషిగా పేరు లేనిచోట కూలి పెంచమని అడిగే నోరు కూడా లేదు.

తెనాలిలో బ్లౌజులు కుట్టే అక్క మాత్రం పుస్తకంలో కొలతల కోసం వెదికింది. ఒక్క కత్తిరింపు పటం కూడా లేదు. "ఇది కుట్టేవాళ్లకి కాదులెండి, కొనేవాళ్లకి" అని పక్కన పెట్టేసింది.

ముగ్గురితోనూ ఒక మాట అనుకున్నాం. ఒక మామూలు నోటుబుక్కులో ప్రతి పనికీ రెండు ఫోటోలు, ముందుదీ వెనకదీ. కింద చేసినవాళ్ల పేర్లు, పట్టిన గంటలు, చేతికొచ్చిన కూలి. పేరు వేస్తే పని ఇచ్చే షాపువాళ్లు మానేస్తారేమోనని రేపల్లె ఆమె భయం. ఆమె పేజీలో ప్రస్తుతానికి గంటలు, కూలి మాత్రమే రాశాం.