ముంజేతి హకీము

వెనుకటి తరంలో చేతి గడియారం ఒక గౌరవచిహ్నం. పరీక్ష ప్యాసైన కుమారునికి తండ్రి, పెండ్లినాడు అల్లునికి మామగారు కొనిపెట్టే వస్తువు అది. 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారంతో బెంగుళూరులో ఎచ్.ఎం.టి. వారు గడియారాల తయారీ ప్రారంభించిన పిమ్మట అది క్రమంగా మధ్యతరగతి ఇండ్లకు చేరింది. ఆ గడియారం మనకు వేళ చెప్పేది. మనలను గురించి దానికేమీ తెలియదు. నేడు మన విద్యార్థుల ముంజేతులపై వెలుగుతున్నది అట్టిది కాదు. అది ధరించినవాని నాడిని లెక్కిస్తుంది, అడుగులను కూడుతుంది, రాత్రి ఎన్ని గంటలు నిద్రించాడో తెల్లవారగానే నివేదిస్తుంది. ఉంగరం ఆకారంలో వచ్చిన యంత్రాలు సైతం ఈ పనులన్నీ చేస్తున్నాయి.

నాడికీ గడియారానికీ గల చుట్టరికం నిన్నటిది కాదు. ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్'లో నాడి లక్షణాలను విపులంగా చర్చించాడు. చార్మినారు చెంతనున్న యునానీ దవాఖానాకు పోయిన మన పెద్దలు హకీము ముందు కూర్చొని మొదట అందించేది మణికట్టునే. 1707లో జాన్ ఫ్లాయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకొనునో లెక్కించడం కోసమే ప్రత్యేకంగా ఒక గడియారాన్ని చేయించి, దానిని గురించి గ్రంథం వ్రాశాడు. నేటి గడియారం వెనుక భాగాన చిన్న ఆకుపచ్చ దీపాలుంటాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకొంటుంది. గుండె కొట్టుకొన్నప్పుడెల్లా మణికట్టులో రక్తం హెచ్చి, తిరిగి వచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులనే యంత్రం లెక్కగడుతుంది. ఇందులో మాయ లేదు, మంత్రం లేదు. పట్టీ వదులైనా, చేయి ఎక్కువగా కదిలినా లెక్క తప్పుతుంది.

ఈ యంత్రాలు నిష్ప్రయోజనమని నేననను. అమెరికాలో 4 లక్షల 19 వేల మందికి పైగా పాల్గొన్న ఒక పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. గుండె లయ తప్పుతున్నదని గడియారం హెచ్చరించినది వారిలో 0.52 శాతం మందిని మాత్రమే. అట్లు హెచ్చరిక పొంది, పిమ్మట ఛాతీపై పరీక్షా పట్టీ ధరించినవారిలో 34 శాతం మందికి ఆ లోపం కనిపించింది. తమకు తెలియని గుండె జబ్బు సంగతి ముందుగా తెలియడం మేలే కదా! అయితే గడియారం చెప్పినది వైద్యుని వద్దకు పొమ్మన్న మాటే గాని వైద్యం కాదు.

ఇక అడుగుల సంగతి. దినానికి పదివేల అడుగులు నడువవలెనని మన విద్యార్థులు వేదవాక్కుగా, కాదు, ఫత్వాగా నమ్ముతున్నారు. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలు జరిగిన మరుసటి సంవత్సరం జపానులో ఒక అడుగుల మీటరు అమ్మకానికి వచ్చింది. 'పదివేల అడుగుల మీటరు' అని దానికి పెట్టిన పేరు. ఆ అంగడి పేరే మనకు ఆరోగ్యసూత్రమై కూర్చున్నది. సగటున 72 ఏండ్ల వయసున్న స్త్రీలపై 2019లో వెలువడిన పరిశోధనలో, 4,400 అడుగులు నడచినవారికే ఎంతో మేలు కనిపించింది. 7,500 దాటిన తరువాత అదనపు లాభం పెద్దగా తోచలేదు. నడక మంచిదే. ఆ అంకె మాత్రం వైద్యుడు వ్రాసినది కాదు.

అడుగుల అంకె తప్పితే నష్టం లేదు. అన్ని అంకెలూ అట్టివి కావు. గత రంజాను మాసంలో మా ఇంట జరిగినది చెప్పక తప్పదు.

మా మేనమామగారు, మేము మామూజాన్ అని పిలుస్తాము, చాలా ఏండ్లుగా మధుమేహ రోగి. వేలిని సూదితో గుచ్చి రక్తం తీస్తే రోజా భంగమవుతుందేమోనని ఆయన అనుమానం. బజారులో ఎవరో షుగరు చూపే గడియారమని ఒకటి అంటగట్టారు. గ్లూకోమీటరు బీరువాలోకి పోయింది. ఒకనాడు అసర్ వేళకు ఆయనకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. గడియారం చూపినది 112. "అంతా బాగానే ఉన్నది, మీరు గాభరాపడకండి" అని ఆయనే మమ్ములను ఓదార్చారు! మా ముమానీ వినక బీరువా తెరచి, వేలు గుచ్చి చూస్తే 54. ఖర్జూరాలు, చక్కెర నీళ్ళు ఇచ్చాము. తప్పిన రోజాను తరువాత ఖజాగా నెరవేర్చుకొనే వెసులుబాటు రోగికి షరీఅత్‌లోనే ఉన్నది. వేలి చివర రక్తపరీక్షతో రోజా చెడదని చెప్పిన ఉలమా అనేకులు. ఈ రెండు సంగతులూ ఆయనకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే, ఆ గడియారం కొనవలసిన అగత్యమే ఉండేది కాదు. ఇంట్లో చదువుకొన్నవాడనైన నేనే చెప్పలేదు.

చర్మాన్ని గుచ్చకుండా చక్కెరను కొలిచే గడియారాన్ని గాని ఉంగరాన్ని గాని తాము దేనినీ ఆమోదించలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. కారణం తెలుసుకోవడం కష్టం కాదు. రక్తపు ఎరుపుదనం ఆకుపచ్చ కాంతికి స్పష్టంగా చిక్కుతుంది. రక్తంలో కరిగిన చక్కెరకు అట్టి రంగు లేదు. భుజం వెనుక అంటించుకొనే బిళ్ళలు వేరు. వాటి అడుగున వెంట్రుకవంటి తీగ చర్మం లోపలికి దిగి చక్కెరను నిజంగానే కొలుస్తుంది. ఆ అంకెను ఫోనులోనో గడియారంలోనో చూసుకోవచ్చు. మామూజాన్ గడియారంలోని 112 ఎక్కడినుండి వచ్చిందో అమ్మినవానికే తెలియాలి. రెండు యంత్రాలూ ఒకే తీరున మెరుస్తాయి, ఒకే ధీమాతో అంకె చూపుతాయి. ముంజేతి కంకణానికి అద్దమెందుకని మన సామెత. ఈ కంకణానికి మాత్రం అద్దం తప్పనిసరి.

(మన శరీరపు లెక్కలు ఏ కంపెనీ గిడ్డంగికి చేరుతున్నవన్నది మరొక పెద్ద ప్రశ్న. దానికి వేరే వ్యాసం కావాలి.)

కళాశాల కార్యవర్గానికి ఒక విన్నపం. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక్క పీరియడు దీనికి కేటాయించండి. విద్యార్థి తన నాడిని రెండు వేళ్ళతో పట్టి పూర్తి నిమిషం లెక్కించాలి. ఆ వెంటనే గడియారం చూపిన అంకెను ప్రక్కన వ్రాయాలి. కూర్చొని ఒకసారి, మెట్లెక్కి వచ్చి ఒకసారి. ఖర్చు ఏమీ లేదు. రంజానుకు ముందు ఒక సాయంత్రం ఒక వైద్యునీ, ఒక ఆలిమ్‌నూ కలిపి పిలిచి, మధుమేహంతో రోజా ఉండే పెద్దలను గురించి ఉర్దూలోనూ తెలుగులోనూ చెప్పిస్తే, విద్యార్థులు ఆ మాటను ఇంటికి తీసుకుపోతారు.

మామూజాన్ ఆ గడియారాన్ని పారవేయలేదు. డబ్బు పోసి కొన్నది కదా అంటారు. ఇప్పుడు దానిలో నమాజు వేళ చూసుకొంటున్నారు. గ్లూకోమీటరు షేర్వానీ జేబులో ఉంటున్నది.