మంచాన పడితేనే జబ్బా?

"వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలిరా!" అన్న మాట జంటనగరాల చుట్టుపట్ల ఎంత సులువుగా నోట వస్తుందో చెప్పనక్కరలేదు. పాపం, ఆ పేట చేసిన నేరమల్లా అక్కడొక ప్రభుత్వ మానసిక వైద్యశాల వుండటమే. మా అలియాబాదు నుంచీ అక్కడికి వెళ్ళేవారున్నారు. చాలామంది చీటీ రాయించుకుని, డాక్టరుకు చూపించుకుని, మాత్రల పొట్లంతో దీపాలవేళకు ఇల్లు చేరేవారే. ఎవరైనా అడిగితే మాత్రం, "చుట్టాలింటికి పోయొచ్చినం" అంటారు.

ఈ దాపరికం ఇప్పుడు బీమా దరఖాస్తులోకి కూడా వచ్చి కూర్చున్నది. అందుకే ఈ వారం ఈ సంగతి ఎత్తుకున్నాను.

ముందు చట్టం మాట. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 న అమలులోకి వచ్చింది. శరీరపు జబ్బుకు ఏ ప్రాతిపదిక మీద వైద్య బీమా ఇస్తారో, మనసు జబ్బుకూ అదే ప్రాతిపదిక మీద ఇవ్వాలని అందులో 21వ సెక్షను చెబుతున్నది. ఇది ఊరికే వచ్చింది కాదు. మా పొరుగున శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన అమితా ధండా గారు, మానసిక రోగుల పట్ల మన చట్టాల తీరు మీద 2000 లోనే పెద్ద పుస్తకం రాశారు. (రోజూ ఆ దారినే బస్సులో పోతాము, లోపల ఎవరేం రాస్తున్నారో మనకు పట్టదు!) వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను 2007 లో మన దేశం ఆమోదించాక, చట్టాలు దానికి తగ్గట్టు మార్చక తప్పలేదు.

చట్టం వచ్చినంతలో కంపెనీలు దారికొస్తాయా? బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులో ఒకసారి ఉత్తరువిచ్చింది. మానసిక వ్యాధిని మినహాయింపుల్లో చేర్చరాదని 2019 లో మళ్ళీ చెప్పింది. చివరకు 2022 అక్టోబరు 31 గడువు పెట్టింది. ఈలోగా 2021 లో ఒకామె ఢిల్లీ హైకోర్టుకెక్కితే, చట్టం అమలైన నాటినుంచే ఈ హక్కు వున్నదని కోర్టు తేల్చింది.

కనుక ఈనాడు ఏ ఏజంటునడిగినా, "మెంటల్ హెల్తు కవరేజీ వుందండీ" అంటాడు. అబద్ధం కాదు. మీరు అడగవలసిన ప్రశ్న వేరే వున్నది: "ఆస్పత్రిలో పడుకోకపోతే ఏమిస్తారు?"

మామూలు పాలసీ కనీసం 24 గంటలు ఆస్పత్రిలో చేరితేనే పలుకుతుంది. గుండెపోటుకో, విరిగిన కాలికో ఈ లెక్క సరిపోతుంది. కాని దిగులు జబ్బు, అకారణ భయం, చేసిన పనే నూరుసార్లు చేయించే ఛాదస్తపు జబ్బు వున్నవారిలో ఎక్కువమంది నడుస్తూ వెళ్ళి నడుస్తూ వచ్చేవారే. వారికి ఖర్చంతా నెలనెలా డాక్టరు ఫీజు, మందులు, కౌన్సెలింగు. నెలకు రెండువేలనుకోండి, ఏడాదికి ఇరవైనాలుగు వేలు. అందులో మామూలు పాలసీ ఇచ్చేది సున్న. ఓ.పి. ఖర్చులకు అదనపు కవరు తీసుకోవచ్చునంటారు. దానికి మీరు కట్టేదెంత, వాళ్ళిచ్చే గరిష్ఠమెంత, కౌన్సెలరు ఫీజు అందులో చేరుతుందా అన్నది కాగితం పెట్టుకుని లెక్క వెయ్యండి. రెండు అంకెలూ దగ్గరగా వుంటే ఆ డబ్బు ఇంట్లోనే వుంచుకోవటం మేలని నా అభిప్రాయం.

ఆస్పత్రిలో చేరినా ఇంకొక మెలిక వున్నది. పై మొత్తం ఘనంగా వుంటుంది, లోపల మానసిక వ్యాధికి విడిగా ఒక చిన్న హద్దు వుంటుంది. 35 లక్షల పాలసీలో దీని వాటా 50 వేలేనన్న తగాదా కూడా 2021 లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళింది. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే తిప్పిపంపటానికి 30 రోజుల వ్యవధి వున్నది గనుక, ఆ చిన్న అక్షరాలు ఆ నెలలోనే చదవండి.

తాగుడు సంగతి మరీ విచిత్రం. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు చట్టం దృష్టిలో మానసిక వ్యాధే. కాని తాగుడు మాన్పించే చికిత్సను మినహాయించుకోవటానికి కంపెనీలకు నియమాలే వీలిచ్చాయి. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి కల్లు దుకాణాలు మూతపడితే, మందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్ళు వణుకుతూ ఎర్రగడ్డకు బారులు తీరారు. అటువంటి ఇంటిని ఈ పాలసీలు ఆదుకోవు.

ఇక దరఖాస్తు. మా వీధిలో ఒక తండ్రి, ఇంటరు చదివేటప్పుడు కూతురు ఆరునెలలు మాత్రలు వాడిన సంగతి రాయబోతే, ఏజంటు చెయ్యి పట్టుకున్నంత పని చేశాడట: "గవన్నీ రాయకుండ్రి సార్, ఉత్తగ పరేషానైతరు." తల్లి కూడా వంత పాడింది. రేపు పెళ్ళి సంబంధాల్లో బయటపడుతుందని ఆమె బెంగ. కాలేజీలో పాఠాలు చెప్పే నాబోటివాళ్ళకు ఆ బెంగ కొత్తది కాదు. పిల్ల తరగతికి ఎందుకు రావటం లేదంటే "జ్వరమండీ" అన్న జవాబు ఎన్నిసార్లు వినలేదు!

ఐనా రాయమనే చెప్పాను. రాస్తే ప్రీమియం పెరగవచ్చు. ఆ కంపెనీ కాదంటే ఇంకొక కంపెనీ గుమ్మం ఎక్కవలసి రావచ్చు. పాత జబ్బుకు నిరీక్షణ 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలే, మునుపు 48. దాచిపెడితేనో? పాత మందుచీటీ బయటపడ్డ రోజున క్లెయిము పోతుంది, ఒక్కొక్కసారి పాలసీయే పోతుంది. విడవకుండా 60 నెలలు కట్టిన తరువాత, మోసమని రుజువు చేస్తే తప్ప, దాచావన్న సాకు చెల్లదు. అంటే దాచినవారు అయిదేళ్ళు గుండెలు చేత్తో పట్టుకుని కూర్చోవాలన్నమాట. దిగులు జబ్బుకు అదేమంత మంచి మందు కాదు.

చివరకు ఆ తండ్రి రాశాడు: జబ్బు పేరు, ఏడు, వాడిన మాత్ర, మానేసిన నెల. మొదటి కంపెనీ కాదన్నది, రెండవది ప్రీమియం కొంత పెంచి ఒప్పుకున్నది.

క్లెయిము కాదంటే ముందు కంపెనీకే రాతమూలకంగా ఫిర్యాదివ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా లేకపోయినా, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. 50 లక్షల దాకా తగవులు అక్కడ తీరుస్తారు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఆస్పత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, ఏ నియమం కింద కాదన్నారో కంపెనీ రాసిచ్చిన ఉత్తరం, రెండూ జతచెయ్యండి. "ఫోనులో చెప్పారండీ" అంటే అక్కడ పనికిరాదు.