వెలుతురు వేసే బాట – మనం చెప్పాల్సిన మాట



ఈ హాస్టల్ నుంచి వెళ్లి పీజీలు చదువుతున్న మేము సెలవులకు ఊరెళితే చాలు, ఎవరో ఒకరు పేపరు కటింగు పట్టుకొని వస్తారు. "వెలుతురుతో నరాలు పెరుగుతాయంట, మావాడు లేచి నడుస్తాడా?" అని అడుగుతారు. తాటిచెట్టు మీది నుంచి జారినవాళ్లు, మేడలు కట్టే పనిలో పైనుంచి పడ్డవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు కదా! అది మనకు అందని సంగతిలే అని తోసెయ్యడమూ తప్పే, వచ్చేస్తోందని ఆశపెట్టడమూ తప్పే అని మా అభిప్రాయం. సరైన జవాబు చెప్పాలంటే ముందు విషయం తెలియాలి.

చేతిలోనో కాలిలోనో నరం తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరగగలదు. మోచేతి దగ్గర తెగితే వేలికొన చేరేసరికి ఏడాది దాటుతుంది. పాత నరం తాలూకు తొడుగే దానికి దారి చూపిస్తుంది. వెన్నుపాములో ఆ సదుపాయం లేదు. దెబ్బ తగిలినచోట మచ్చ కడుతుంది, పెరుగుదలను అడ్డుకునే పదార్థాలూ అక్కడే ఉంటాయి. అయినా అక్కడి కణాలకు పెరిగే శక్తి బొత్తిగా లేదనడానికి వీల్లేదని 1980-81లోనే తేలింది. కెనడాలో ఆల్బర్ట్ అగ్వాయో బృందం ఎలుకల వెన్నుపాముకు కాలి నరం ముక్కను అతికిస్తే, తంతువులు దానిలోకి పెరిగాయి. అంటే దారి దొరకడం అనేది చిన్న విషయం కాదు.

ఆ దారిని వెలుతురుతో గీయవచ్చని 2004లో టొరంటో విశ్వవిద్యాలయంలో యింగ్ లువో, మోలీ షోయిచెట్ చూపించారు. వాళ్లు వాడింది అగరోజ్ జెల్. సముద్రపు నాచు నుంచి వచ్చేదే, బయోటెక్ ల్యాబుల్లో డీఎన్ఏ ముక్కలను వేరుచేయడానికి రోజూ కాచేదే! దానికి సిస్టీన్ తగిలించి, అందులోని గంధకం చర్య జరపకుండా నైట్రోబెంజైల్ సమూహంతో మూత పెట్టారు. లేజర్ కిరణం పోయిన దారిలో మాత్రమే ఆ మూత ఊడుతుంది. తరువాత కణాలు పట్టు దొరకబుచ్చుకునే ఒక చిన్న పెప్టైడ్‌ను పోస్తే, మూత ఊడినచోటే అతుక్కుంటుంది. మిగిలినది కడిగితే పోతుంది. నాడీకణాలు ఆ గీత వెంటే జెల్ లోపలికి దిగి తంతువులు చాచాయి, పక్కకు పోలేదు. 2009లో అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీ ఆన్సెత్ బృందం, వెలుతురు పడినచోట కరిగిపోయే జెల్‌ను, అదీ లోపల కణాలు బతికుండగానే కరిగేదాన్ని తయారుచేసింది. రక్షక సమూహాన్ని తగిలించడం, ఊడదీయడం ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో మనం బట్టీపట్టి పరీక్షలో రాసి మరచిపోయే పాఠమే. అది ఇంత పని చేస్తుందని క్లాసులో మాకెవరూ చెప్పలేదు.

ఇక అసలు చిక్కు. ఇవన్నీ గాజుపాత్రల్లో జరిగినవి. కరెంటు పోయినప్పుడు టార్చిలైటు అరచేతికి ఆనించి చూడండి, వేళ్లగుండా ఎర్రటి వెలుగు మాత్రమే బయటికొస్తుంది. ఈ జెల్‌లకు ఎక్కువగా కావలసిన అతినీలలోహిత కిరణాలు చర్మం దాటి లోతుకు పోవు, పైగా డీఎన్ఏను దెబ్బతీస్తాయి. వెన్నెముక లోపలిదాకా వెలుగు పంపడం, పెరిగిన తంతువు సరైన కణాన్నే కలిసేలా చూడడం పెద్ద పనులు. కాబట్టి ఈ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే పొలం అమ్మవద్దని మన ఇళ్లలో గట్టిగా చెప్పాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది ఏ పత్రికలోనూ మొదటి పేజీలో రాదు. పడ్డవాణ్ని నలుగురు కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో కుక్కకూడదు. మెడ, నడుము కదలనీయకుండా 108 వచ్చేదాకా ఆగాలి. మంచాన పడ్డవాళ్లను రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకుంటే పుండ్లు పడి అవే ప్రాణం తీస్తాయి. ఏ లేజరూ అక్కర్లేని పనులివి.

అయితే ఆ పెద్ద పనుల్ని ఎవరు చేయాలి? మనవాళ్లలో కెమిస్ట్రీ చదివినవారు చాలామంది మందుల కంపెనీల్లో షిఫ్టు డ్యూటీలకే వెళుతున్నారు. ఇంట్లో అప్పులుంటే అది తప్పని మేము అనం. కానీ నెట్ పరీక్ష రాసి ఫెలోషిప్ తెచ్చుకుంటే పరిశోధన చేస్తూ కూడా ఇంటికి డబ్బు పంపవచ్చని ఎందరికి తెలుసు? హైదరాబాదులో సీసీఎంబీ 1977లో పుట్టిందే ఇప్పటి ఐఐసీటీలోని జీవరసాయన విభాగం నుంచి. కెమిస్ట్రీవాళ్లకు జీవశాస్త్రం ఎందుకనేవారికి అంతకంటే దగ్గరి ఉదాహరణ మేము చెప్పలేము. మాలో ఇద్దరం ఈసారి పరీక్ష రాస్తున్నాం. 2004 నాటి ఆ పేపరు జిరాక్స్, పక్కన తెలుగులో రాసుకున్న అర్థాలతో సహా, హాస్టల్ లైబ్రరీలో ఇచ్చాం. ఇంటర్, డిగ్రీ తమ్ముళ్లు ఎవరైనా తీసుకోవచ్చు. అర్థంకానిచోట పెన్సిల్‌తో గీత పెట్టండి, మళ్లీ సెలవులకు వచ్చినప్పుడు కూర్చుని చూద్దాం.