కోపు అంటే కోపం కాదు

ఆట పేరును ఇంకో భాషలోకి మార్చేటప్పుడు ఎవరిని అడగాలి? నిఘంటువునా, ఆడేవాళ్ళనా? నా తగాదా అంతా ఇక్కడే.

మాది నాగలమడిక. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కొన్నేండ్ల కిందట మా దగ్గరి ఊళ్ళో ఉత్సవానికి కోలాటం పెట్టినారు. కన్నడంలో కరపత్రం రాసే పని చదువుకున్న పిల్లవానికి అప్పజెప్పినారు. కోలాటంలో ఒక్కొక్క ఆట వరుసను కోపు అంటాం. జంటకోపు, జడకోపు అని రకాలు. ఆ పిల్లవాడు జంటకోపును 'జోడి సిట్టు' అని రాసినాడు. సిట్టు అంటే కన్నడంలో కోపం. గురువు చదివించుకొని, "ఏమప్పా, మేం కోలాటం వేస్తామా, కోలలతో కొట్టుకుంటామా?" అన్నాడు. అందరం నవ్వినాం.

మరుసటేడు తప్పు దిద్దినారు. ఎట్లా దిద్దినారు? కోపుల పేర్లన్నీ తీసేసి 'జానపద నృత్య' అని ఒక్క మాట వేసినారు. అప్పుడు నాకు నవ్వు రాలేదు. తప్పు రాసిన రోజు కనీసం అక్కడొక పేరు ఉందని తెలిసేది. దిద్దిన తరువాత అదీ లేదు.

ఇదే మనుషులు దొరల ఆట పేర్లను ఎంత భద్రంగా మోస్తారో చూడండి. బెంగుళూరులో సల్సా నేర్పే చోట్లున్నాయి. బోర్డు మీద సల్సా అనే రాస్తారు. స్పానిష్‌లో సల్సా అంటే తినేదానిలోకి నంజుకునే సాసు, మన ఊరుబిండి లాంటిది. దాన్ని ఎవరైనా 'ఊరుబిండి ఆట' అన్నారా? ఇంగ్లీషువాడు టాంగోను, ఫ్లమెంకోను కూడా ఉన్నవి ఉన్నట్టే తీసుకున్నాడు. స్పానిష్‌వాళ్ళు ఇంగ్లీషు 'రాక్ అండ్ రోల్'ను తమ అక్షరాల్లో 'రోకన్రోల్' అని కలిపి రాసుకున్నారు. రాయిని, దొర్లడాన్ని విడదీసి అర్థాలు వెతకలేదు. ఆ మర్యాద మన జంటకోపుకు ఎందుకు లేదు?

"అయితే ఏ మాటనూ అనువదించొద్దంటావా?" అని అడుగుతారు. కాదు. అనువదించండి, కాని అదే అంతస్తు మాటతో. బ్రేక్ డాన్సు అనగానే మనవాళ్ళకు బస్సు బ్రేకు గుర్తొస్తుంది. ఆ బ్రేకు వేరు. 1970లలో న్యూయార్కులోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే ఆయన పాటలో గొంతులు ఆగి వాద్యాలే మోగే చోటును రెండు రికార్డులతో సాగదీసి వినిపించేవాడు. పిల్లలు ఆ చోటు కోసం కాచుకొని ఆడేవారు. ఆ చోటే బ్రేక్. పాట ఆగి దరువు ఒక్కటే నడిచే చోటు మన తప్పెటవానికి తెలియదా? వాణ్ణి అడిగివుంటే మాట దొరికేది. నిఘంటువును అడిగితే 'విరుపు' అంటుంది.

2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'లో చంద్రబోస్ రాసిన 'నాటు నాటు' సంగతి చూద్దాం. దొర టాంగో, స్వింగ్, ఫ్లమెంకో అని పేర్లు చదివి మనవాళ్ళను ఎగతాళి చేస్తాడు. మనవాళ్ళు సల్సా, ఫ్లమెంకో కాదు, నాటు తెలుసా అంటారు. (1920 నాటి కథలో సల్సా పేరు రావడం వింతే. ఆ పేరు స్థిరపడింది 1960, 70లలో.) నాటు అనేది మనలోనే పట్నంవాళ్ళు పల్లెవాళ్ళను తక్కువ చేసే మాట. నాటు మనిషి, నాటు సారా. ఆ తిట్టునే తలపాగా చేసుకోవడంలో ఉంది దెబ్బ. హిందీలో అది 'నాచో నాచో' అయింది. పెదవుల కదలికకు, తాళానికి సరిపడాలి గనక ఆ రచయిత ఇబ్బంది నాకు తెలుసు. అయినా జవాబు పోయి, ఆడండి అనే ఆజ్ఞ మిగిలింది. కన్నడంలో 'హళ్ళి నాటు' అన్నారు. నాటు నిలిచినందుకు సంతోషం. కాని ముందు 'హళ్ళి' అని వివరించాలా? నాటి కోడి సారు తినని కన్నడిగుడుంటాడా? మాట వంటింట్లోనే ఉంది.

2023లో ఆ పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు మనమంతా ఛాతీ విరుచుకున్నాం. నాటు అనే మాట సముద్రాలు దాటింది. జంటకోపు మాత్రం పక్క ఊరి కరపత్రం దాకా పోలేకపోయింది. తప్పు కన్నడానిది కాదు. కోపు అని కన్నడంలో రాయడానికి రెండక్షరాలు చాలు. వాటిని రాయడానికి సిగ్గుపడింది మనం.

ఈసారి కరపత్రం నేనే రాస్తానని చెప్పినాను. కన్నడ అక్షరాల్లో జంటకోపు, జడకోపు అనే రాస్తాను. అర్థం కానివాళ్ళు వచ్చి చూస్తారు. చూస్తే అర్థమవుతుంది. మీ ఊళ్ళో ఏ కోపును ఏమంటారో పెద్దవాళ్ళను అడిగి ఈ పత్రికకు రాయండి. వాళ్ళున్నప్పుడే అడగండి.