అత్తయ్య పాటల పెట్టె

మా అత్తయ్య ఆర్నెల్ల వీసా మీద మా దగ్గరికి వచ్చినప్పుడల్లా మొదటి వారం ఇదే గొడవ. ఆవిడ తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తారు. స్నానం చేసి, దీపం పెట్టుకుని, సుప్రభాతం వినాలి. ఊళ్లో అయితే గుడి మైకు ఉంది. ఇక్కడ ఫోనే గతి. ఫోన్లో పాట మధ్యలో ప్రకటన వస్తుంది. దాన్ని తీసేద్దామని వేలు పెడితే పాట పోయి ఎవరో పులిహోర కలుపుతున్న వీడియో వస్తుంది. హాల్లో ఉన్న మాట్లాడే స్పీకర్‌ని అడగమంటే, ఆవిడ తెలుగు దానికి అర్థం కాదు. ఇంగ్లీషులో సారీ చెబుతుంది.

ఒకరోజు ఆరున్నరకి కిందికి దిగేసరికి చీకట్లో సోఫా మీద ఊరికే కూర్చుని ఉన్నారు. "పాట పెట్టుకోలేదా అత్తయ్యా?" అన్నాను. "ఎందుకులేమ్మా, ప్రతిదానికీ మిమ్మల్ని అడగడం బాగుండదు" అన్నారు.

తెనాలి దగ్గర పల్లెలో ఇల్లూ పొలమూ ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి. మా ఇంట్లో ఒక పాట వినడానికి ఇంకొకరు నిద్రలేవాలి. ఆ మాట నాకు రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ వారాంతం మావాడి డ్రాయర్ సర్దుతుంటే రాస్ప్‌బెర్రీ పై బోర్డు కనిపించింది. ఏటీఎం కార్డంత కంప్యూటర్. పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పించడానికని ఇక్కడే కేంబ్రిడ్జ్‌లో రూపొందించారు. 2012 ఫిబ్రవరిలో మొదటి బోర్డు 35 డాలర్లకి వచ్చింది. మా ఇంట్లో ఉన్నది 2016లో వచ్చిన 3 మోడల్ బి. కోడింగ్ క్లబ్‌కని కొనిపించుకుని, మూడు నెలల తర్వాత వదిలేశాడు. దీంతో పాటల పెట్టె చెయ్యొచ్చని ఆఫీసులో ఎవరో అనగా విన్నాను. నేను అకౌంట్స్ మనిషిని, సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ పట్టుకోలేదు. అయినా చేశాను. మీలో ఎవరైనా చేస్తారేమోనని ఎలా చేశానో రాస్తున్నాను.

ముందుగా సాఫ్ట్‌వేర్. వాల్యూమియో, మూడ్ ఆడియో అని రెండున్నాయి. పై బోర్డుని పాటల పెట్టెగా మార్చడానికే తయారుచేసినవి. నేను వాల్యూమియో ఉచిత వెర్షన్ తీసుకున్నాను. లాప్‌టాప్‌లో దించుకుని, మైక్రో ఎస్‌డీ కార్డు మీదికి ఎక్కించి, కార్డుని బోర్డులో పెడితే అయిపోయింది. పాటలు వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. దాని లాభం తర్వాత తెలిసింది.

బోర్డుకి హెడ్‌ఫోన్ జాక్ ఉంది కానీ, దాని వెనక సన్నటి బుస వినిపిస్తుంది. అందుకని డాక్ అనే చిన్న బోర్డు కొన్నాను. అంకెల రూపంలో ఉన్న పాటని స్పీకర్ పాడగలిగే సంకేతంగా మార్చడమే దాని పని. పై మీద ఉన్న నలభై పిన్నుల మీద గుచ్చడమే, సోల్డరింగ్ అక్కర్లేదు. పైకి కూడా పిన్నులు వచ్చే రకం చూసి కొనండి, లేకపోతే బటన్లకి చోటుండదు.

బటన్ అంటే రెండు వైర్లు. ఒకటి గ్రౌండ్ పిన్నుకి, ఒకటి జీపీఐఓ పిన్నుకి. ఏ బటన్ ఏం చెయ్యాలో వాల్యూమియోలో ఒక ప్లగిన్ పెట్టి చెప్పాలి. ఇక్కడ నేనొక తప్పు చేశాను. "తర్వాతి పాట" బటన్‌ని జీపీఐఓ 18కి కలిపాను. నొక్కినప్పుడల్లా పాట మూగబోయేది. రెండు సాయంత్రాలు తల పట్టుకున్నాక తెలిసింది, డాక్‌కి పాట అందేది 18, 19, 21 పిన్నుల మీదుగానే అని. వాటి జోలికి వెళ్లకండి, బోర్డుకీ మంచిది కాదు.

పెట్టె కోసం పాత స్టీలు పోపుల డబ్బా తీశాను. మావారు నవ్వి వద్దన్నారు. బోర్డు అడుగు భాగం లోహానికి తగిలితే షార్ట్ అవుతుందట, వైఫై కూడా సరిగ్గా అందదట. చివరికి చెక్క టీ డబ్బాకి రంధ్రాలు చేశాం. మూడు బటన్లు: పాడు-ఆపు, ముందుకి, వెనక్కి. శబ్దానికి స్పీకర్ మీదున్న గుండ్రటి నాబ్ చాలు. స్క్రీన్ లేదు. అత్తయ్య అంతా చూసి, లోపలికి వెళ్లి బొట్టుబిళ్ల తెచ్చి పాడే బటన్ మీద అంటించారు. చీకట్లో కూడా వేలికి తెలుస్తుందట.

పది రోజులు బాగా పాడింది. పదకొండో రోజు లేవలేదు. అత్తయ్యకి పనైపోగానే గోడ దగ్గర స్విచ్ కట్టేసే అలవాటు. ఇది కంప్యూటర్ కదా, ఏదో రాసుకుంటున్నప్పుడు కరెంటు పోతే కార్డులో ఉన్నది చెడిపోతుంది. ఆవిడ ముఖం చిన్నబోయింది, "నేనే పాడుచేశానా?" అని. తప్పు నాది. ఇంట్లో వాళ్ల అలవాటుకి తగ్గట్టు వస్తువు ఉండాలి గానీ, వస్తువుకి తగ్గట్టు వాళ్లు మారాలంటే ఎలా? నాలుగో బటన్ పెట్టాను, నొక్కితే సరిగ్గా ఆగిపోయేలా. ఇంకో కార్డు మీదికి మొత్తం కాపీ తీసి డబ్బా మూతకి అంటించాను. పాటలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కనుక ఒక్కటీ పోలేదు.

అప్పుడు అత్తయ్య పెట్టె అడుగునుంచి ఒక క్యాసెట్ తీశారు. మామయ్యగారు పోయి తొమ్మిదేళ్లయింది. రాయబారం పద్యాలు ఆయన ఇంట్లో పాడుకుంటుంటే ఎవరో రికార్డు చేశారట. "ఇది కూడా ఆ పెట్టెలో పెట్టగలవా?" అని అడిగారు. వచ్చిన నెలన్నరలో ఆవిడ నన్ను అడిగిన మొదటి పని అది.

సెకండ్‌హ్యాండ్ క్యాసెట్ ప్లేయర్ కొన్నాను. ముందు టేపుని చివరిదాకా ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పాలి, ఏళ్లతరబడి అతుక్కుపోయిన పొరలు విడతాయి. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే మాత్రం పెట్టకండి. ప్లేయర్ నుంచి యూఎస్‌బీ ఆడియో అడాప్టర్ ద్వారా లాప్‌టాప్‌కి కలిపి, ఆడాసిటీలో రికార్డు చేశాను. అరవై నిమిషాల క్యాసెట్‌కి అరవై నిమిషాలూ పడుతుంది. సీడీ నాణ్యతలో గంటకి దాదాపు 635 ఎంబీ. తర్వాత బుస తగ్గించి, పద్యాల మధ్య ఖాళీలు కత్తిరించి, దగ్గులూ పక్క మాటలూ తీసేసి, శుభ్రంగా చేసి పెట్టాను.

అత్తయ్య కదలకుండా మొత్తం విన్నారు. అయ్యాక మెల్లిగా, "మూడో పద్యం తర్వాత నేను పిలుస్తానమ్మా. అది లేదే?" అన్నారు.

పక్క మాటలనుకుని నేను తీసేసింది అదే. అదృష్టం, అసలు రికార్డింగ్ చెరపలేదు. ఆ రాత్రే వెతికాను. దూరం నుంచి, గిన్నెల చప్పుడు మధ్య, వయసులో ఉన్న అత్తయ్య గొంతు: "ఏవండీ, అన్నం చల్లారిపోతోంది." దగ్గరగా మామయ్యగారు: "ఆ, ఈ ఒక్కటీ పాడేసి వస్తున్నా."

కత్తిరించినవన్నీ మళ్లీ చేర్చాను, దగ్గులతో సహా. ఇప్పుడు సుప్రభాతం తర్వాత రోజూ అది మోగుతుంది. నేను పైన పడుకుని వింటాను. ఆ పిలుపు దగ్గర అత్తయ్య ఒక్కోసారి వెనక్కి బటన్ నొక్కి, మూడో పద్యం మళ్లీ మొదటినుంచి వింటారు.

ఈసారి ఇండియా వెళ్లినప్పుడు అటక మీదా, బీరువా అడుగునా ఒకసారి చూడండి. క్యాసెట్ దొరికితే ముందు దాని పైఅంచున ఉన్న రెండు ప్లాస్టిక్ ముక్కలూ విరిచేయండి, పొరపాటున దానిమీద ఇంకేదీ రికార్డు కాదు. చేత్తో పట్టుకునే సామానులో తెచ్చుకోండి. కంప్యూటర్లోకి ఎక్కించాక మీ ఇష్టం వచ్చినట్టు శుభ్రం చేసుకోండి, కానీ అసలుది మాత్రం ఉంచండి. అందులో ఏది చెత్తో, ఏది కాదో మనకి తెలియదు. తెలిసినవాళ్లని అడగండి, వాళ్లు ఉండగానే.